ఆ స్టేషన్లో ఇంకా గురువారమే!

రైలెక్కని హీరో ఎవరైనా ఉన్నాడా చెప్పండి! ప్లాట్‌ఫారం మీద ఒక్కసారైనా పరుగెత్తని హీరోయిన్ ఉందా? పల్లెటూరి కుర్రాడు పట్నం వచ్చాడని చెప్పాలంటే ఒకప్పుడు మన దర్శకులకి పెద్ద కష్టం ఉండేది కాదు. మద్రాసు సెంట్రల్ స్టేషను ఎర్ర గోడలూ, గడియారం గోపురమూ ఒక్క షాటు వేస్తే చాలు, రెండు పేజీల డైలాగు మిగిలిపోయేది. అసలు సినిమా పుట్టిన కొత్తలోనే రైలొచ్చి తెర మీద సీటు పట్టుకుంది. ఫ్రాన్సులో లూమియేర్ సోదరులు లా సియోటా అనే ఊరి స్టేషన్లోకి రైలు రావటాన్ని చిత్రించి 1896లో చూపించారు. నిమిషం కూడా లేని ఆ బొమ్మ చూసి జనం హడలిపోయి కుర్చీల్లోంచి లేచి పరుగెత్తారని ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. చరిత్ర రాసేవాళ్ళు మాత్రం నమ్మరు. నమ్మకపోతే పోనివ్వండి, కథ బాగుంది!

సరే, నేను చెప్పబోయేది అంత పాత సంగతి కాదు. ఒక సినిమా వల్ల బతికి బట్టకట్టిన స్టేషను సంగతి. ఇంగ్లండులో వాయవ్య మూల లాంకషైర్‌లో కార్న్‌ఫర్త్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి పేరు మీరు విని ఉండకపోవచ్చు. కాని 'బ్రీఫ్ ఎన్‌కౌంటర్' పేరు విని ఉంటారు. 'లారెన్స్ ఆఫ్ అరేబియా', 'డాక్టర్ జివాగో' తీసిన డేవిడ్ లీన్ ఇంకా అంత పెద్దవాడు కాక ముందు, 1945లో తీసిన చిత్రం. నోయెల్ కవర్డ్ రాసిన ఏకాంకిక దానికి ఆధారం.

కథంటారా, చిటికెలో చెప్పొచ్చు. లారా ఒక మామూలు ఇల్లాలు. భర్త మంచివాడు, పిల్లలిద్దరు. ప్రతి గురువారం పక్క పట్నానికి రైల్లో వెళ్ళి సామాన్లు కొనుక్కుని, లైబ్రరీలో పుస్తకం మార్చుకుని, మ్యాట్నీ చూసి మళ్ళీ రైలెక్కి ఇంటికొస్తుంది. ఒక గురువారం ప్లాట్‌ఫారం మీద ఉండగా ఇంజను పొగలోంచి నలుసొచ్చి ఆమె కంట్లో పడుతుంది. స్టేషను టీ గదిలో ఉన్న ఓ డాక్టరు రుమాలు చివరతో ఆ నలుసు తీస్తాడు. అంతే! ఆయనా పెళ్ళయినవాడే. ఆ తర్వాత ప్రతి గురువారమూ కలుసుకుంటారు. టీ తాగుతారు, సినిమాకి వెళతారు, ఒకర్నొకరు ప్రేమించామని తెలుసుకుని భయపడతారు. చివరికి ఆయన ఆఫ్రికా వెళ్ళిపోవటానికి నిర్ణయించుకుంటాడు. ఆఖరి కలయిక అదే టీ గదిలో. ఉన్న నాలుగు నిమిషాల్లో మాట్లాడుకుందామంటే ఆమెకు తెలిసిన ఓ వాగుడుకాయ వచ్చి ఎదురుగా కూలబడుతుంది. ఆయన రైలొస్తుంది. లేచి, ఏమీ అనకుండా, లారా భుజం మీద ఒక్కసారి చెయ్యి వేసి నొక్కి వెళ్ళిపోతాడు. డ్యూయెట్ లేదు, ఫైటు లేదు, విలన్ అసలే లేడు. గంటన్నర కూడా లేని ఈ బొమ్మలో ఆ చెయ్యి వేసే క్షణం దగ్గర ఏడవని వాళ్ళని నేను చూడలేదు. హీరోయిన్ సీలియా జాన్సన్‌కి అప్పుడు 36 ఏళ్ళు, హీరో ట్రెవర్ హోవర్డ్‌కి 31. మన నిర్మాతలతో ఆ లెక్క చెప్పి చూడండి, కాఫీ కూడా ఇవ్వకుండా పంపేస్తారు.

అన్నట్టు, మనకీ ఈ చిత్రానికీ ఒక చుట్టరికం ఉంది. 1946లో మొదటి కాన్ చలనచిత్రోత్సవంలో గ్రాండ్ ప్రీ ఒక్క చిత్రానికి కాక పదకొండు చిత్రాలకు కలిపి ఇచ్చారు. అందులో ఒకటి ఇది. ఇంకొకటి మన చేతన్ ఆనంద్ తీసిన 'నీచా నగర్'. పంక్తిలో పక్కపక్కన కూర్చున్న అతిథుల్లాంటివన్నమాట ఆ రెండూ!

ఇంతకీ లండన్లో అన్ని స్టేషన్లుండగా అంత దూరం ఎందుకు వెళ్ళారు? యుద్ధం మూలాన. 1945 ఫిబ్రవరిలో షూటింగు. జర్మన్లతో యుద్ధం ఇంకా అయిపోలేదు. రాత్రిపూట స్టేషన్లో పెద్ద పెద్ద లైట్లు పెట్టి షూటింగు చెయ్యాలి. శత్రు విమానాలు వస్తే ఆ వెలుతురు చాలు వాటికి దారి చూపించటానికి. కార్న్‌ఫర్త్ అయితే దేశానికి ఆ మూలన ఎక్కడో ఉంది గనక, ప్రమాదం సూచన అందాక లైట్లార్పుకోవటానికి వ్యవధి దొరుకుతుందని అనుమతిచ్చారు. పగలంతా రైళ్ళ రద్దీ, అందుకని రాత్రి పదింటికి మొదలుపెట్టి తెల్లవారుఝాము దాకా పని. ఫిబ్రవరి చలి! తెర మీద లారా నోట్లోంచి వచ్చే ఆవిరి నటన కాదు మరి.

ఆ రాత్రుల మధ్య సీలియా జాన్సన్ భర్తకి ఉత్తరాలు రాస్తూ ఉండేది. ఆ భర్త ఎక్కడున్నాడో ఊహించగలరా? మన ఢిల్లీలో! పేరు పీటర్ ఫ్లెమింగ్. యుద్ధకాలంలో శత్రువుని తప్పుదోవ పట్టించే రహస్య విభాగాన్ని ఢిల్లీలో కూర్చుని నడిపించాడాయన. ఇంటిపేరు ఎక్కడో విన్నట్టుందా? జేమ్స్‌బాండ్‌ని సృష్టించిన ఇయాన్ ఫ్లెమింగ్‌కి సొంత అన్నే. అక్కడ చలిలో ఆవిడ పరాయి మగవాడి కోసం ప్లాట్‌ఫారం మీద కన్నీళ్ళు పెట్టుకునే భార్యగా నటిస్తోంది, ఇక్కడ మొగుడు ఎండల దేశంలో ఆవిడ ఉత్తరం కోసం చూస్తున్నాడు. ఇది ఎవరైనా కథగా రాస్తే నమ్మశక్యంగా లేదని తిప్పి పంపేవాళ్ళం.

ఇప్పుడు అసలు తమాషా. సినిమాలో ముఖ్యమైన చోటు టీ గది కదా, అది కార్న్‌ఫర్త్‌లో తియ్యలేదు. స్టేషన్లో నిజంగానే టీ గది ఉండేది. దాన్ని చూసి, అలాంటిదే లండన్ దగ్గర డెన్‌హామ్ స్టూడియోలో సెట్టు వేశారు. బయట ప్లాట్‌ఫారం, గడియారం, కిందనించి పైకెక్కే ఏటవాలు దారి, ఇవన్నీ నిజం. తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టారంటే వందల మైళ్ళ దూరంలో స్టూడియో! సినిమాలో స్టేషను పేరు కూడా మిల్‌ఫర్డ్ జంక్షన్ అని కల్పించిందే. కాని కంగారు పడకుండా చూస్తే లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్ అని అసలు ఊళ్ళ పేర్లున్న బోర్డులు తెర మీద కనబడతాయి.

యుద్ధం అయింది. చిత్రం గొప్పదైంది. స్టేషను గతి మాత్రం చెప్పనక్కర్లేదు. 1846లో వెలసిన స్టేషనది. లండన్ నుంచి స్కాట్లండ్ పోయే పెద్ద లైను మీద ఉంది, బారో వైపూ లీడ్స్ వైపూ చీలే లైన్లు అక్కడే కలుస్తాయి. ఒకప్పుడు ఎంత సందడో! 1968 ఆగస్టులో బ్రిటిష్ రైల్వేలో ఆవిరి ఇంజన్లకు స్వస్తి చెప్పినప్పుడు ఆఖరిదాకా మిగిలిన మూడు షెడ్లలో కార్న్‌ఫర్త్ ఒకటి. 1970లో పెద్ద లైను మీది ప్లాట్‌ఫారాలు మూసేశారు. కరెంటు రైళ్ళు వచ్చాయి, అవి ఇక్కడ ఆగవు. పక్క లైన్ల బళ్ళు మాత్రం ఆగేవి. గదులకి తాళాలు పడ్డాయి. పైకప్పులు కారాయి. అందరూ సినిమాలో చూసిన ఆ గడియారాన్ని కూడా ఎవరికో అమ్మేశారు. విట్‌చర్చ్ అనే ఊళ్ళో జాయిస్ కంపెనీ తయారుచేసిన, రెండు ముఖాలున్న పెద్ద గడియారం. ప్లాట్‌ఫారం మీద అది వేలాడిన చోట ఖాళీ.

అప్పుడు ఆ ఊరివాళ్ళు కొందరు పూనుకున్నారు. ట్రస్టు పెట్టి, చందాలు పోగేసి, కొన్నేళ్ళు తిరిగి తిరిగి బాగుచేయించారు. గడియారం ఎక్కడుందో ఆచూకీ తీసి వెనక్కి తెచ్చారు. 2003 అక్టోబరులో స్టేషన్లోనే హెరిటేజ్ సెంటర్ తెరిచారు. మరి టీ గది? నిజం టీ గదిని చూసి స్టూడియోలో సెట్టు వేశారని చెప్పాను కదా. వీళ్ళు ఆ సెట్టుని చూసి నిజం టీ గదిని మళ్ళీ కట్టారు! సినిమాలో ఉన్నట్టే వంపు తిరిగిన కౌంటరు, పెద్ద టీ బాయిలరు, గాజు మూతల కింద కేకులు. నకలుకి అసలు నకలైపోయింది. ఇలాంటి చమత్కారం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందేమో గాని నాకు తెలిసి ఇదొక్కటే.

మా చిన్నక్క ప్రెస్టన్‌లో నర్సుగా పనిచేస్తోంది. పోయిన సెప్టెంబరులో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఒక పూట ఖాళీ చేసుకుని బారో వెళ్ళే రైలెక్కి కార్న్‌ఫర్త్‌లో దిగాను. అక్క రానంది. "సెలవు దొరికిందే ఒక్కరోజు, మళ్ళీ రైల్వే స్టేషనేనా! చిన్నప్పుడు చూసింది చాలదా?" అంది. అదెందుకన్నదో కాస్త ఆగి చెబుతాను.

దిగగానే ఎదురుగా గడియారం. టైము సరిగ్గా చూపిస్తోంది. దాని కింద ఓ ముసలి దంపతులు నిలబడి ఎవరు ఫోటో తీస్తారా అని అటూ ఇటూ చూస్తున్నారు. తీసిపెట్టాను. లోపల ఓ చిన్న గదిలో పాత కుర్చీలు వేసి 'బ్రీఫ్ ఎన్‌కౌంటర్' ఆడిస్తూనే ఉంటారు. అయిపోతే మళ్ళీ మొదలు. ఎప్పుడు వెళ్ళినా లారా కంట్లో నలుసు పడుతూనో తీయించుకుంటూనో ఉంటుంది. చూసుకునేవాళ్ళంతా స్వచ్ఛందంగా వచ్చే ఊరి పెద్దలు. ఒకాయన నన్ను ఇండియానా అని అడిగి, లీన్ గారి 'ఎ పాసేజ్ టు ఇండియా' గురించి పావుగంట చెప్పి, టీ చల్లారిపోతుందని తనే గుర్తుచేశాడు. టీ గురించి ఎక్కువ చెప్పను. మన స్టేషన్ టీ తాగిన నోటికి అది వేణ్ణీళ్ళలాగే ఉంటుంది.

టీ గది కిటికీలోంచి చూస్తుండగా ధన్‌మని గాలి కొట్టింది. గ్లాస్గో వైపు ఎక్స్‌ప్రెస్! పెద్ద లైను పక్కనే ఉంది, ప్లాట్‌ఫారమే లేదు. కంచె అవతల ఎర్రగా ఏదో పారినట్టు పోయింది. సినిమాలో కూడా అలాగే ఎక్స్‌ప్రెస్ దూసుకుపోతుంది, లారా ముఖం మీద కిటికీ వెలుగులు తారట్లాడతాయి. స్టేషను చచ్చిపోవటానికి కారణమైన ఆగని బళ్ళే సినిమా వాతావరణాన్ని ఇప్పటికీ అక్కడ నిలబెడుతున్నాయంటే కాదనలేం.

అక్కడినుంచే మా నాయనకి వీడియో కాల్ చేశాను. నాయన రైల్వేలో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైనాడు. నా చిన్నతనమంతా పాకాల-ధర్మవరం మీటర్ గేజి లైను మీద ఓ చిన్న స్టేషన్ క్వార్టర్స్‌లో గడిచింది. అక్క విసుక్కున్నది అందుకే. రెండు గదులు, ఎర్ర పెంకుల వరండా, వేలాడదీసిన రైలు పట్టా ముక్క. అదే గంట! దాన్ని ఇనప కమ్మీతో కొడితే ఊళ్ళో వాళ్ళు సంచులు సర్దుకునేవాళ్ళు. నాయన గదిలో ఎర్రగా, చెట్టంత ఎత్తున టోకెన్ మిషను ఉండేది. పక్క స్టేషనువాళ్ళు సరేనంటేనే అందులోంచి ఇనప బంతి బయటికొచ్చేది. ఆ బంతిని తోలు సంచిలో పెట్టి పేము రింగుకి తగిలించి, పోయే బండి ఇంజన్లోవాడికి అందించాలి. ఆ బంతి చేతిలో లేనిదే డ్రైవరు బండి కదిలించడు. ఒకే లైను మీద రెండు బళ్ళు ఎదురెదురు రాకుండా కాపాడేది ఆ బంతే. నాకు ఆ రింగు పట్టుకోవాలని ఎంత ఆశో! నాయన ఒక్కనాడూ ముట్టనివ్వలేదు.

లైను బ్రాడ్ గేజి చేశారు. మీటరు వెడల్పున్న దారి ఐదున్నర అడుగులైంది. అదొక రకంగా మా జిల్లాకి మంచిదే, తిరుపతి నుంచి దూరం బళ్ళు వచ్చాయి. మా స్టేషను మాత్రం తీసేశారు. కొత్తది వంద గజాల అవతల కట్టారు. పాతది పడగొట్టిన రోజు నాయన అక్కడే నిలబడి చూశాడట. కాంట్రాక్టరు మనుషులు గంట పట్టాని పాత ఇనుము లారీలో పడేస్తుంటే ఏమీ అనలేదట. ఇంటికొచ్చి అమ్మతో, "బరువు ఎంత ఉంటాదో ఎప్పుడూ అనుకునేవాడిని. నలుగురు మోసినారు" అన్నాడట. అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అందుకే కార్న్‌ఫర్త్ గడియారం చూపించాలనిపించింది. ఫోను పైకెత్తి చూపించాను. నాయన కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూసి, "ఆడతా ఉందా? కీ ఎవరిస్తారు?" అన్నాడు. మనుషులున్నారన్నాను. తర్వాత అడిగాడు: "సినిమా తీసినారని పెట్టుకున్నారా, స్టేషను బాగుందని పెట్టుకున్నారా?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు ఆలోచిస్తే రెండు రకాలూ ఉన్నాయి. ప్యారిస్‌లో ఓర్సే స్టేషను ఉంది. 1900 ప్రపంచ ప్రదర్శన కోసం విక్టర్ లలూ అనే ఆర్కిటెక్టు రాజభవనంలా కట్టాడు. నలభై ఏళ్ళు తిరక్కుండానే కొత్త పొడుగాటి రైళ్ళకి ప్లాట్‌ఫారాలు చాలక దూరపు బళ్ళు ఆగిపోయాయి. 1962 చిత్రం 'ది ట్రయల్'కి ఆర్సన్ వెల్స్ దగ్గర సెట్లు వేయటానికి డబ్బు లేకపోతే, ఖాళీగా ఉన్న ఈ స్టేషన్లో దూరి కాఫ్కా కథలోని కోర్టుల్నీ ఆఫీసుల్నీ తీసేశాడు. రాత్రివేళ హోటలు కిటికీలోంచి చూస్తే ఆకాశంలో రెండు చందమామలు కనబడ్డాయనీ, అవి ఓర్సే గడియారాలనీ ఆయనే చెప్పుకునేవాడు. కోతలు కొయ్యటంలో ఆయన్ని మించినవాడు లేడనుకోండి. ఆ స్టేషనుని పడగొట్టి హోటలు కట్టాలనుకున్నారు కూడా. చివరి ఘడియలో ఆపి, 1986లో మ్యూజియం చేశారు. అక్కడ వెల్స్‌ని తలుచుకునేవాళ్ళు తక్కువ. చిత్రపటాల కోసం వెళ్ళేవాళ్ళే అందరూ. ఓర్సేని నిలబెట్టింది దాని అందం. కార్న్‌ఫర్త్‌కి అంత అందం లేదు, నిజం చెప్పాలి. ఇంగ్లండులో అలాంటి స్టేషన్లు అడుగడుక్కీ ఉండేవి. దాన్ని నిలబెట్టింది ఓ ఇల్లాలి కన్నీళ్ళు.

మరి మనకో? హైదరాబాదు దగ్గర రామోజీ ఫిలిం సిటీలో రైల్వే స్టేషను సెట్టుంది. ఏ సినిమాకి ఆ ఊరి పేరు బోర్డు తగిలిస్తారు. కథానాయకుడు దిగుతాడు, తల్లి కౌగిలించుకుంటుంది. నిజం రైలు మాత్రం ఏనాడూ రాదు. అక్కడ నిజం స్టేషన్లో సినిమా సెట్టు, ఇక్కడ సినిమా ఊళ్ళో స్టేషను సెట్టు! మన 'పాతాళభైరవి', 'మాయాబజార్' పుట్టిన మద్రాసు వడపళని విజయా వాహినీ స్టూడియో స్థలంలో ఇవాళ ఆస్పత్రి ఉంది, పెద్ద మాల్ ఉంది. నేను వెళ్ళినప్పుడు ఘటోత్కచుడు నవ్విన ఫ్లోరు ఎక్కడుండేదని అక్కడి సెక్యూరిటీ కుర్రాణ్ణి అడిగాను. "ఫ్లోరా? ఫుడ్ కోర్టు పైన" అన్నాడు. ఆస్పత్రి అక్కర్లేదని ఎవరంటారు? అయినా ఓ గోడ, ఓ తలుపు, ఓ ఆర్క్ లైటు మిగిలితే ఎవరి సొమ్ము పోయింది అనిపిస్తుంది నాకు. సినిమా వాళ్ళం, సినిమా పిచ్చివాళ్ళం మనమే అడగకపోతే ఇంకెవరడుగుతారు?

కార్న్‌ఫర్త్‌లో ఇంకో సంగతి చూసి రావాల్సింది, టైము లేక రాలేకపోయాను. పాత ఇంజను షెడ్డు ఇంకా పనిచేస్తోంది, ఆవిరి ఇంజన్లతో సరదా రైళ్ళు నడిపే కంపెనీ దాన్ని వాడుతోంది. హ్యారీ పాటర్ చిత్రాల్లో హాగ్‌వార్ట్స్ ఎక్స్‌ప్రెస్‌ని లాగిన ఎర్ర ఇంజను ఆ కంపెనీదే. మీలో ఎవరైనా అటు వెళితే చూసి నాకు రాయండి.

ఇంటికొచ్చాక నాయనకి 'బ్రీఫ్ ఎన్‌కౌంటర్' ఫోన్లో పెట్టిచ్చాను. ఇంగ్లీషు కాబట్టి మధ్యమధ్య నేను కథ చెబుతూ వచ్చాను. చెయ్యి భుజం మీద వేసే చోట నాయన కదల్లేదు. అమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. అయిపోయాక ఎలా ఉందని అడిగాను. "టీ కొట్టామె బాగా చేసింది" అన్నాడు. కాసేపాగి, "ఆ టికెట్ కలెక్టరు డ్యూటీ టైములో అంతసేపు ఆడ కూర్చుని కబుర్లు చెప్తా ఉంటే ఎట్ల? స్టేషన్ మాస్టరు ఎవరో, ఒక్కసారి గూడా కనపడలా" అన్నాడు.